బరస్ట్ చదువు

"రేపు గడప దాటినావంటే నీకు అమ్మ లేదనుకో."

నారాయణమ్మ ఆ మాట కేకేసి అనలేదు. సంకటి కెలుకుతూ, పొయ్యి వైపే చూస్తూ అంది. కేకేసి ఉంటే సొన్నమ్మ కూడా కేకేసేది. తల్లీకూతుళ్ళు కాసేపు అరుచుకుని ఊరుకునేవాళ్ళు. ఇలా మెల్లిగా అనేసరికి సొన్నమ్మ మడతపెట్టిన చీర చేతిలో పట్టుకుని తలుపు దగ్గరే నిలబడిపోయింది.

కోరమండల్‌లో గని కార్మికుల లైన్ ఇళ్ళల్లో గదులు రెండే. ఒకదానిలో మాట ఇంకోదానిలో వినబడకుండా ఉండదు. ముందు గదిలో మంచం మీద సొన్నమ్మ అన్న గంగప్ప ముఖం గోడవైపు తిప్పుకుని పడుకుని ఉన్నాడు. కుడికాలికి తొడదాకా పిండికట్టు.

పోయిన వారం గనిలో బరస్ట్ అయింది. అంత లోతులో పై బరువుకు ఓర్చుకోలేక రాయి తనంతట తానే పేలిపోతుంది. తెల్లదొరల కాలంలోనూ పేలింది, సర్కారు గనులు తీసుకున్నాకా పేలుతూనే ఉంది. ఆ రోజు పైన ఇళ్ళల్లో గిన్నెలు దొర్లాయి. కింద గంగప్ప కాలు విరిగింది. పైకి తెచ్చినప్పుడు అతని ముఖమంతా దుమ్ము, కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. కింద ఏం జరిగిందో అతను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

సొన్నమ్మ బెంగళూరుకు పోవాలనుకుంటున్నది ఈ బరస్ట్‌ల కోసమే. జియాలజీలో ఎమ్మెస్సీ పూర్తిచేసింది. గనుల్లో రాయి ఎక్కడ, ఎందుకు పేలుతుందో పరిశోధిస్తానని ఒక ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టుకుంది. ఇంటర్వ్యూకు రమ్మన్నారు.

"అమ్మా, ఒక పూట పొయ్యొస్తాను. మాట్లాడి వస్తాను. అంతే కదా."

"ఏం మాట్లాడతావు? మా అన్న కాలు ఇరిగింది, నాకు స్కాలర్‌షిప్పు ఇయ్యండి అని అడుగుతావా?"

"అట్ల అడిగేదానికి పోతానా నేను?"

"ఇంగెట్ల? ఈ ఏడాదంతా అదే కదా నువ్వు చేసింది. బరస్ట్ అయినప్పుడల్లా లైన్లన్నీ తిరిగి మీ ఇంట్లో ఏం పడింది, మీ గోడ యాడ చీలింది అని అడిగినావు. ఆడోళ్ళు నా ముఖం మీదే నవ్వినారు. మీ పాప పడిన గిన్నెలు రాసుకుంటాదంట కదా అని. పోనీలే, చదువుకునే పిల్ల అనుకున్నాను. ఇప్పుడు మన ఇంట్లోనే పడింది. దాన్ని గూడా రాసుకో."

సొన్నమ్మ చేతిలోని చీర మడత విప్పి మళ్ళీ మడిచింది.

వాకిట్లో కూర్చున్న తండ్రి హనుమంతప్ప దగ్గు ఆపుకుంటూ లోపలికి చూశాడు. బతుకంతా కింద గనిలో దుంగలు నిలబెట్టే పని చేసి, ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ముతో రిటైరైన మనిషి ఆయన.

"మీ అమ్మ చెప్పేదాంట్లో తప్పేముండాది పాపా? మైన్ ఆఫీసులో టైపిస్టు పని ఉండాది. పెద్ద క్లర్కుకు చెప్పి పెట్టినాను. ఈ వారంలోనే చేరమన్నాడు. మీ అన్న లేచి తిరిగేదాకా ఇల్లు జరగల్ల కదా."

"ఫెలోషిప్పులో గూడా నెలనెలా ఇస్తారు నాయనా."

"వస్తే ఇస్తారు. ఇంతకు ముందర రెండుసార్లు రాలేదే."

అదీ నిజమే. మొదట మైనింగ్ వాళ్ళ స్కాలర్‌షిప్‌కు పెట్టుకుంటే అది ఇంజనీర్లకు మాత్రమే అన్నారు. రెండోచోట చదువు సరిపోయింది, మార్కులు సరిపోయాయి. కానీ ఆడవాళ్ళను గనిలోకి దించడానికి చట్టం ఒప్పుకోదు కనక ఈ విషయం మీకు పనికిరాదు, వేరే విషయం ఎంచుకోండి అన్నారు. ఆ రోజు ఆమె కాలేజీ మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే లెక్చరర్ రామకృష్ణప్ప వచ్చి పక్కన నిలబడ్డాడు. దేశంలో ఎక్కడ ఏ స్కాలర్‌షిప్ ప్రకటన పడినా కత్తిరించి డిపార్ట్‌మెంట్ బోర్డు మీద అంటించే మనిషి ఆయన.

"ఏడిస్తే ఏడువు. కానీ నువ్వు తట్టింది వేరే ఇంటి తలుపమ్మా," అన్నాడు. "గనులవాళ్ళకు బరస్ట్ అంటే నష్టం. దాన్ని చదువుగా చూసేవాళ్ళు భూకంపాల వాళ్ళు. నేల కదిలితే చాలు, అది ఎందుకు కదిలిందో వాళ్ళకు కావాలి. వాళ్ళ ఫెలోషిప్పులు వెతుకుదాం రా."

అలా వెతికితే దొరికింది ఇది.

"అన్నా, నువ్వైనా ఒక మాట చెప్పు," అంది సొన్నమ్మ మంచం వైపు తిరిగి.

అందరూ అతని కోసమే ఆగారు. సంకటి కర్ర కూడా ఆగింది.

"ఆ లైటు ఆర్పండి," అన్నాడు చివరికి. "కండ్లలో పడతాండాది."

మూలన కూర్చుని అనపకాయలు ఒలుస్తున్న నాయనమ్మ చిక్కమ్మ ఒక్కసారి తలెత్తి మనవడిని చూసింది. మళ్ళీ తలొంచుకుని ఒలుచుకుంటూ పోయింది. ఆమె మొగుడు తెల్లదొరల కాలంలో బరస్ట్‌లోనే పోయాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు.

ఆ రాత్రి సంకటి ముద్దలు గిన్నెలోనే మిగిలిపోయాయి.

తెల్లవారుతుండగా సొన్నమ్మ చీర కట్టుకుని ఇవతలికి వచ్చేసరికి నారాయణమ్మ వాకిలి ఊడుస్తోంది. కూతురు గడప దాటుతుంటే చీపురు ఆపలేదు, తల ఎత్తలేదు. సొన్నమ్మ ఆమె వెనక కాసేపు నిలబడింది.

"పొయ్యొస్తానమ్మా."

నారాయణమ్మ చీపురు వాకిలి అవతలి కొసకు జరిగింది.

లైను చివర దాకా వచ్చాక వెనక అడుగుల చప్పుడు వినబడింది. చిక్కమ్మ, నెత్తిన దుప్పటి కప్పుకుని, ఒక చేత్తో గోడలు పట్టుకుంటూ వస్తోంది.

"ఈ చలిలో నువ్వెందుకు అవ్వా?"

"సుమ్నే నడువు, మాట్లాడొద్దు."

ఇద్దరూ స్టేషన్ దారి పట్టారు. షిఫ్టు దిగినవాళ్ళు మంచులో నుంచి ఎదురొస్తున్నారు. ప్లాట్‌ఫారం మీద రైలు కూత వినబడ్డాక చిక్కమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుంది.

"ఆడ వాళ్ళు అడిగితే మీ తాత గూడా దాంట్లోనే పోయినాడని చెప్పు."

"నేనేమీ చెప్పనులే అవ్వా. నీకు బాధ."

"చెప్పు. పేరు పెట్టి చెప్పు." ముసలమ్మ గొంతు సవరించుకుంది. "ఆవులప్ప."

సొన్నమ్మ ఆమె ముఖంలోకి చూసింది. మొగుడి పేరు నోటితో పలకడం చిక్కమ్మకు అలవాటు లేదు. రేషన్ కార్డు రాసేవాడు అడిగినా పక్కనున్నవాళ్ళ చేత చెప్పించేది. పలికాక సిగ్గుపడినట్టు దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

"ఎక్కు, బండి పోతాది," అంది.

ఇంటర్వ్యూ గదిలో బల్లకు అవతల నలుగురు కూర్చుని ఉన్నారు. మధ్యలో తెల్లజుట్టు పెద్దాయన, ఆయన కమిటీ ఛైర్మన్. ఆయన పక్కన మైనింగ్ ఇంజనీరు ఒకాయన, సొన్నమ్మ కూర్చోకముందే ఆమె దరఖాస్తు పక్కకు నెట్టేశాడు. మాటలన్నీ ఇంగ్లీషులో సాగాయి.

"మీరు గనిలోకి దిగలేరు. చట్టం ఒప్పుకోదు," అన్నాడు ఇంజనీరు. "దిగకుండా బరస్ట్ మీద పరిశోధన ఎలా చేస్తారు?"

రెండోసారి తనను వెనక్కి పంపిన ప్రశ్న అదే. ఈసారి ఆమె దానికోసమే కాచుకుని ఉంది.

"భూకంపాన్ని చదివేవాళ్ళు దాని లోపలికి దిగరు కదా సార్. పైనే ఉండి వింటారు. బరస్ట్ అయినప్పుడు ఆ అదురు రాతిలో నుంచి పైకి వస్తుంది. దూరదూరంగా మూడు నాలుగు చోట్ల నేల మీద అదురును గీసే సీస్మోగ్రాఫులు పెడితే, ఏ చోటికి ముందు చేరింది, ఏ చోటికి తర్వాత చేరింది అన్నదాన్ని బట్టి కింద ఎక్కడ పగిలిందో లెక్క కట్టొచ్చు. చిన్నవి కూడా దొరుకుతాయి. పెద్దది వచ్చేముందు చిన్నవి ఎక్కడ ఎక్కువవుతున్నాయో చూడాలని నా ఆలోచన."

"ఆలోచన బాగుంది. కానీ మీ దగ్గర ఉన్నది ఆలోచన ఒక్కటే."

"కాదు సార్," అని సొన్నమ్మ సంచిలో నుంచి మ్యాపు తీసి బల్ల మీద పరిచింది.

కార్మికుల లైన్ ఇళ్ళన్నీ అందులో ఉన్నాయి. ఏడాది పాటు బరస్ట్ అయినప్పుడల్లా ఇంటింటికీ తిరిగి అడిగినదంతా రంగులు వేసి గుర్తుపెట్టింది. గిన్నెలు అదిరిన ఇళ్ళు పసుపు. గిన్నెలు పడిన ఇళ్ళు కాషాయం. గోడ చీలిన ఇళ్ళు ఎరుపు.

ఛైర్మన్ కళ్ళద్దాలు పైకి నెట్టుకుని మ్యాపు మీదికి వంగాడు. "ఇవి ఎవరు చెప్పారు?"

"ఇళ్ళల్లో ఉండే ఆడవాళ్ళు సార్. మగవాళ్ళు షిఫ్టులో కింద ఉంటారు. పైన అదురు తెలిసేది వీళ్ళకే."

"గనిలోకి దిగే షాఫ్ట్ దగ్గర ఉన్న ఇళ్ళు ఎక్కువ అదరాలి. మీరు దూరంగా ఉన్న ఇళ్ళకు ఎరుపు వేశారే," అన్నాడు ఛైర్మన్.

"నేను కూడా ముందు తప్పు రాసుకున్నాననుకుని మళ్ళీ పోయి అడిగాను సార్. మళ్ళీ అదే వచ్చింది. ఎర్ర ఇళ్ళన్నీ ఒకే వరసలో పడుతున్నాయి. ఆ వరస కింద రాతిలో పాత చీలిక ఏదో ఉండాలి. అదురు దాని వెంబడి వస్తోందని నాకు అనిపిస్తోంది. నిరూపించడానికే ఈ ఫెలోషిప్ కావాలి."

ఇంజనీరు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. వేలితో ఆ ఎర్ర వరసను ఒక కొస నుంచి ఇంకో కొసకు తడిమాడు. తన దగ్గరున్న సర్వే షీటు ఒకటి తీసి మ్యాపు పక్కన పెట్టాడు. మళ్ళీ తడిమాడు.

"ఇక్కడ ఫాల్ట్ ఉంది, రాతి చీలిక," అన్నాడు ఛైర్మన్ వైపు తిరిగి. "మా షీటులో సగం దాకానే గీశారు. ఈ అమ్మాయి మిగతా సగం గీసింది."

తర్వాత సొన్నమ్మను చూసి, ఇందాకటి గొంతుతో కాక, మామూలుగా అడిగాడు. "మీది గని కార్మికుల కుటుంబమేనా?"

"అవును సార్. మా తాత ఆవులప్ప బరస్ట్‌లో పోయాడు. మా అన్న పోయిన వారం అయిన బరస్ట్‌లో కాలు విరిగి ఇంట్లో ఉన్నాడు."

"అయితే ఇంకో మాట అడగాలి. సొంతవాళ్ళు దెబ్బతిన్న విషయం మీద మనసు నిలకడగా ఉంచి పని చేయగలరా?"

సొన్నమ్మకు పొయ్యి ముందు తల్లి, గోడవైపు తిరిగిన అన్న కళ్ళముందు కదిలారు.

"మా ఇంట్లో దాన్ని గురించి మాట్లాడరు సార్. మా లైన్లలో ఎవరింట్లోనూ మాట్లాడరు. దేవుడు చేసిన పని అని ఊరుకుంటారు. నాకు ఊరుకోవడం చేతకాలేదు. అందుకే చదివాను. మనసు నిలకడగా ఉంటుందో లేదో నాకు తెలియదు. పని మాత్రం ఆపను."

ఛైర్మన్ ఆమెను బయట కూర్చోమన్నాడు.

వరండాలో రామకృష్ణప్ప ఉన్నాడు. క్లాసులున్నాయి, రాలేనన్న మనిషి, గొడుగు చంకలో పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. సొన్నమ్మను చూసి ఏమీ అడగకుండా కాఫీ తెప్పించాడు. మిగతా అభ్యర్థులను పిలవడం అయిపోయింది. ఎండ వరండా దాటి గోడ ఎక్కింది. అప్పుడు ఛైర్మనే తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. చేతిలో ఆమె మ్యాపు ఉంది.

"దీన్ని కొన్నాళ్ళు నా దగ్గర ఉంచుకోవచ్చా?" అన్నాడు. "మీరు ఎటూ ఇక్కడే పని చేస్తారు కదా."

ఆ మాట అర్థం కావడానికి సొన్నమ్మకు కాస్త సమయం పట్టింది. రామకృష్ణప్పకు ముందే అర్థమై గొడుగు కింద పడేసుకున్నాడు.

సాయంత్రం రైలు కోరమండల్‌లో ఆగేసరికి ప్లాట్‌ఫారం మీద హనుమంతప్ప నిలబడి ఉన్నాడు. ఉతికిన పంచె, భుజాన కండువా. కూతురు ఎదురుగా వచ్చి నిలబడినా అడగలేకపోయాడు.

"వచ్చింది నాయనా."

ఆయన తలూపాడు. మళ్ళీ తలూపాడు. పక్కనుంచి పోతున్న టికెట్ కలెక్టర్‌ను చెయ్యి పట్టుకుని ఆపి, "మా పాపకు వచ్చిందప్పా," అన్నాడు. ఏం వచ్చిందో ఆయనా అడగలేదు, ఈయనా చెప్పలేదు. ఇద్దరూ నవ్వారు.

మెట్లు దిగుతున్నప్పుడు సొన్నమ్మ భయపడుతూ అంది. "మరి టైపిస్టు పని? పెద్ద క్లర్కు ఏమనుకుంటాడో."

"మధ్యాహ్నమే పొయ్యి, రాదని చెప్పి వచ్చినాను."

"మధ్యాహ్నమా? అప్పటికి నాకే తెలీదే. ఇది రాకుంటే ఏం చేసేవాడివి నాయనా?"

"రాకుంటే ఇంగొకటి వెతుకుతావు. వెతికేది నీకొచ్చు కదా." దగ్గు వస్తే నిలబడి దగ్గాడు. "నిన్న రాత్రంతా ఆలోచన చేసినాను. నేను కింద చేసిందంతా రాయి పడకుండా దుంగ నిలబెట్టే పనే. నువ్వు చేసేదీ అదే పని అనిపించింది."

వాళ్ళకంటే ముందే కబురు లైనుకు చేరింది. వాకిళ్ళలో ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. పడిన గిన్నెలు రాసుకుంటాదని నవ్వినవాళ్ళే.

"మా గోడ సంగతి చెప్పినావా సొన్నమ్మా?" అంది చిన్నక్క. ఆమె ఇంటి గోడ మూడుసార్లు చీలింది.

"నీ గోడ మీద దొర వేలు పెట్టి చూపించినాడు చిన్నక్కా."

చిన్నక్క పక్కవాళ్ళను తోసుకుని ముందుకొచ్చింది. "విన్నారా, నా గోడను చూసే ఇచ్చినారంట." లైనంతా నవ్వింది. ఎవరో మైసూరుపాకు తెచ్చి సొన్నమ్మ నోట్లో పెట్టారు. కాలేజీలో పీయూసీ చదివే అమ్మాయిలు ఇద్దరు వెంటపడి, మాకు గూడా ఇట్లాంటివి యాడ దొరుకుతాయో చెప్పక్కా అని అడిగారు. రేపు పొద్దున రండి, వెతికేది నేర్పిస్తాను అంది సొన్నమ్మ. చిక్కమ్మ వాకిట్లోనే మనవరాలి తల నిమిరి మెటికలు విరిచింది.

నారాయణమ్మ మాత్రం బయటికి రాలేదు.

లోపల అందరికీ కంచాలు పెట్టింది. కూతురికీ పెట్టింది. ముద్ద పక్కన పులుసు పోసి, ముఖం చూడకుండానే అడిగింది. "ఇంగేమన్నారు?"

తల్లి అడిగిన ఆ ఒక్క మాటకు సొన్నమ్మ కడుపు నిండింది. జరిగిందంతా చెప్పింది. సోమవారం కమిటీ ముందు సీస్మోగ్రాఫులు ఎక్కడెక్కడ పెట్టాలో చెప్పాలంది. చివర్న చెప్పాల్సింది ఒకటి మిగిలింది. దాన్ని మింగేద్దామనుకుంది. మింగలేకపోయింది.

"నేను దిగేదానికి లేదు కాబట్టి, బరస్ట్ అయిన చోటికి పొయ్యి చూసి వచ్చేదానికి కింద పనిచేసే మనిషి ఒకడు కావల్లన్నారు. మైన్‌తో మాట్లాడి ఆ పనికే వేయిస్తారంట. మనిషిని నన్నే చూసుకోమన్నారు."

ఎవరూ కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

"నా పేరు చెప్పు," అన్నాడు గంగప్ప.

అందరూ మంచం వైపు తిరిగారు. అతను గోడ నుంచి ముఖం తిప్పి ఉన్నాడు.

"ఆ పొద్దు రాయి ముందరే మాట్లాడింది," అన్నాడు. "టక్ టక్ మని, లోపల యాడనో గోరుతో కొట్టినట్ల. నేను అరిచినాను. నా పక్కనున్న పాపన్న వెనక్కి దూకినాడు. రాయికి నా కాలు దొరికింది. కింద అందరం వింటాం సొన్నమ్మా. వినింది ఎవురికి చెప్పాలో తెలీదు. ఇన్నాళ్ళూ అదే ఆలోచన చేస్తా పడుకున్నాను. ఇప్పుడు చెప్పేదానికి మనిషుండాది. కట్టు విప్పినాక దిగుతాను."

నారాయణమ్మ లేచింది. కంచం పక్కకు పెట్టి, రెండు గదుల మధ్య గుమ్మంలో వచ్చి నిలబడింది. కొడుకును చూసింది, కూతుర్ని చూసింది.

"వద్దంటే నిలుస్తాడా వాడు?" అంది నారాయణమ్మ. "ఇంగేం పని తెలుసు వానికి? ఎట్లైనా దిగేవాడే." కూతురి వైపు తిరిగింది. "అయితే నాదొక మాట. ఆ మెషిన్లు ఉండాయే, వాటిల్లో ఒకటి ఈ ఇంట్లో పెట్టల్ల."

"అమ్మా, అది ఇండ్లలో పెట్టేది కాదు. గట్టి రాతి మీద, కదలిక లేని చోట పెడతారు. పక్కన రోకలి దంచినా దాని సూది ఎగురుతుంది."

"దంచేది చిన్నక్క ఇంట్లో దంచుకుంటాను. రుబ్బేదీ ఆడనే. ఈ ఇంటి కింద రాయి కాక ఏముండాది?"

"కమిటీ ఒప్పుకోదమ్మా. నేను అడిగేదానికి గూడా..."

"మీ అవ్వ గని సైరన్ కూసి కబురొచ్చేదాకా కాచుకుంది. పోయిన వారం నేనూ కాచుకున్నాను. ఇంగ కాచుకోను. వాడు కింద ఉన్నంతసేపు ఆ సూది నా కండ్ల ముందర ఉండల్ల."

హనుమంతప్ప దగ్గు కూడా మరిచిపోయి చూస్తున్నాడు. కమిటీకి ఈ మాట ఏ ఇంగ్లీషులో చెప్పాలో సొన్నమ్మకు తోచలేదు. నవ్వు వస్తోంది, ఏడుపూ వస్తోంది.

నారాయణమ్మ అప్పటికే మూలకు పోయింది. రాగుల మూట పక్కకు ఈడ్చి, కొంగుతో ఆ చోటు తుడిచింది.

"చూస్తావేమి పాపా?" అంది. "కొలత తీసుకో."